యుద్ధనౌకల ప్రాజెక్టులు ఏ దేశం సరిగ్గా నడుపుతోంది? అసలు పోల్చడం ఎలా?

నీలిగీత:

అమెరికా నేవీ కాన్‌స్టెలేషన్ ఫ్రిగేట్ల (మధ్యస్థాయి యుద్ధనౌకల) ప్రాజెక్టును 2025 నవంబర్‌లో దాదాపు మూసేసింది కదా. పని మొదలైన మొదటి రెండూ పూర్తి చేస్తారట, తర్వాతి నాలుగు రద్దు. కనీసం 20 ఓడలు కట్టాలని మొదలుపెట్టిన పని ఇది. నాకు అంతుపట్టనిది ఏంటంటే, ఇది ప్రయోగం కాదు. ఇటలీ నేవీ ఇప్పటికే నడుపుతున్న ఫ్రెమ్ (ఇటలీ, ఫ్రాన్స్ కలిసి చేసిన ఫ్రిగేట్) డిజైన్ తీసుకుంటే రిస్క్ తగ్గుతుందని చెప్పి మరీ 2020లో ఫిన్‌కాంటియరీ వాళ్ల విస్కాన్సిన్ యార్డ్‌కి కాంట్రాక్ట్ ఇచ్చారు. అంతకుముందు లిటొరల్ కంబాట్ షిప్పులు (తీరం దగ్గర పోరాడే చిన్న ఓడలు), జుమ్‌వాల్ట్ డిస్ట్రాయర్లు (ఫ్రిగేట్ల కంటే పెద్ద యుద్ధనౌకలు) రెండూ బెడిసికొట్టాయి కాబట్టి ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తారనే అందరూ అన్నారు.

ఇది అమెరికాకే ఉన్న జబ్బా, అందరికీ ఉన్నదేనా? బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా వార్తలు చూస్తే వాళ్లదీ ఇదే బాపతు అనిపిస్తోంది. జపాన్, కొరియా మాత్రం టైముకి ఇచ్చేస్తాయని అందరూ అంటారు గానీ ఎలా ఇస్తాయో ఎవరూ చెప్పరు. తేడా రూల్స్‌లో ఉందా, మనుషుల్లో ఉందా, డబ్బు వచ్చే తీరులో ఉందా? ఫలానా దేశం గొప్ప అని కాకుండా పని ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది.

చుక్కాని:

నీలిగీత గారూ, రూల్స్‌లో లేదు అని ముందే చెప్పేస్తాను, దానికి అమెరికానే సాక్ష్యం. ఆర్లీ బర్క్ డిస్ట్రాయర్లు చూడండి. మొదటిది 1991లో నేవీలో చేరింది, ఇంకా కడుతూనే ఉన్నారు, 70 దాటాయి. జుమ్‌వాల్ట్‌ని చెడగొట్టింది, బర్క్‌ని నిలబెట్టింది ఒకే నేవీ, ఒకే కాంగ్రెస్, ఒకే రూల్ బుక్. బర్క్‌లో ఒక్కో విడతకి కొంచెం మార్చుకుంటూ వచ్చారు, ఒకసారి హెలికాప్టర్ హ్యాంగర్ పెట్టారు, ఇంకోసారి రాడార్ మార్చారు. జుమ్‌వాల్ట్‌లో కొత్త హల్ (ఓడ దేహం) ఆకారం, కొత్త విద్యుత్ వ్యవస్థ, కొత్త రాడార్, కొత్త ఫిరంగి అన్నీ ఒక్కసారే నెత్తికెత్తుకున్నారు. 32 అనుకున్నవి 3 దగ్గర ఆగాయి. ఓడల సంఖ్య పడిపోయేసరికి ఆ ఫిరంగికి కావలసిన ప్రత్యేక గుండు ఒక్కోటి 8 లక్షల డాలర్ల దాకా తేలింది, దాంతో గుండ్లు కొనడమే మానేశారు. పేల్చడానికేమీ లేని ఫిరంగులు మోసుకుని కొన్నేళ్లు తిరిగాయి ఆ ఓడలు. ఇప్పుడు వాటి చోట హైపర్‌సోనిక్ మిసైళ్లు పెడుతున్నారు.

జపాన్ చేసేది బర్క్ పద్ధతే, ఇంకా క్రమశిక్షణతో. సబ్‌మెరైన్లకు కోబేలో రెండు యార్డులున్నాయి, మిత్సుబిషి, కవాసాకి. ఏడాదికి ఒకటి, ఒక ఏడాది వీళ్లది, మరుసటి ఏడాది వాళ్లది. ఈసారి ఆర్డర్ వస్తుందా రాదా అనే టెన్షన్ యార్డుకి లేదు, వెల్డర్ ఒక హల్ ముగించగానే తర్వాతి హల్ మీదకి వెళ్తాడు. సోర్యూ తరగతిలో 12 కడితే మొదటి పదింటికీ స్టర్లింగ్ ఇంజిన్లు (బయటి గాలి లేకుండా నీటి కిందే నడిచేవి) పెట్టారు, ఆఖరి రెండింటికి అవి తీసేసి లిథియం అయాన్ బ్యాటరీలు పెట్టారు. అలా తెలిసిన హల్‌లో కొత్త బ్యాటరీని పరీక్షించుకున్నాకే తైగే అనే కొత్త తరగతికి వెళ్లారు.

ఈ వరుస తెగితే ఏమవుతుందో బ్రిటన్ ఆస్ట్యూట్ సబ్‌మెరైన్లతో తెలుసుకుంది. వాన్‌గార్డ్ తరగతి డిజైన్ పని అయిపోయింది, కొత్త ఆర్డర్ 1997 దాకా రాలేదు, ఈలోపు అనుభవమున్న డిజైనర్లు, డ్రాఫ్ట్స్‌మెన్ చెల్లాచెదురయ్యారు. పైగా రక్షణ శాఖ తన దగ్గరి ఇంజినీరింగ్ పర్యవేక్షణ తగ్గించుకుని అంతా కంపెనీకే వదిలేసింది. చివరికి 2003లో అమెరికా నుంచి ఎలక్ట్రిక్ బోట్ అనే సబ్‌మెరైన్ల కంపెనీ వాళ్లను సాయానికి పిలిపించుకోవాల్సి వచ్చింది. మొదటి ఓడ నాలుగేళ్లు ఆలస్యంగా 2010లో చేరింది.

రివెట్:

చుక్కాని గారు చెప్పిందంతా ఒప్పుకుంటాను గానీ కాన్‌స్టెలేషన్ సంగతి అందులో ఇమడదు. వాళ్లు కొత్తవన్నీ ఒకేసారి పెట్టలేదు. రాడార్ బర్క్‌లో పెట్టే దాని చిన్న తమ్ముడు, మిసైల్ సెల్స్ (మిసైళ్లు పేల్చే గొట్టాలు) పాతవే, ఓడ వేరే నేవీలో నడుస్తున్నదే. అయినా ఎందుకు పోయింది?

ఎందుకంటే తెచ్చుకున్న డిజైన్ ఇటలీ పరీక్షించిన ఓడగా ఉండాలంటే దాన్ని ముట్టుకోకూడదు. వీళ్లు పొడవు పెంచారు, ముందు భాగంలోని సోనార్ (నీటి కింద ఉన్నవాటిని శబ్దంతో పసిగట్టే పరికరం) తీసేశారు, దెబ్బ తిన్నా తేలుతూ ఉండాలనే అమెరికా ప్రమాణాలకు తగ్గట్టు లోపల చాలా మార్చారు. మొదట్లో మాతృ డిజైన్‌తో 85 శాతం పోలిక ఉంటుందన్నారు, చివరికి 15 శాతం లోపుకి వచ్చింది. ఆ స్థితిలో అది ఫ్రెమ్ కాదు, ఫ్రెమ్ పేరుతో ఇచ్చిన గడువులోపల గీయాల్సిన కొత్త ఓడ. పేరు వల్లే బడ్జెట్, షెడ్యూల్ రెండూ తక్కువ వేశారు, అదీ అసలు నష్టం. ఓ పక్క డిజైన్ నడుస్తుండగానే 2022లో స్టీల్ కటింగ్, అంటే ఓడ కట్టడం, మొదలుపెట్టారు. బరువు 700 టన్నులకు పైగా పెరిగింది, 2026లో రావాల్సిన మొదటి ఓడ 2029కి జరిగింది.

బ్రిటన్ టైప్ 26 కొనుక్కున్నవాళ్లది ఇంకో రకం. ఆస్ట్రేలియా, కెనడా రెండూ 2018లో దాన్ని ఎంచుకున్నాయి. అప్పటికి గ్లాస్గోలో మొదటి ఓడ ఇంకా యార్డులోనే ఉంది, అంటే నడిచి చూపించిన ఓడ ప్రపంచంలో ఒక్కటీ లేదు. దాని మీద ఆస్ట్రేలియా తన సొంత రాడార్ పెట్టమంది, కెనడా వేరే రాడార్ అడిగింది. ఆస్ట్రేలియా 9 అనుకున్నవి 2024లో 6కి తగ్గించింది. ఎంపిక చేసేటప్పుడు పెట్టే డబ్బుకు తగ్గ విలువ ఉందా అనే అంచనా సరిగ్గా వేయలేదని 2023లో అక్కడి ఆడిట్ సంస్థే తేల్చింది. కెనడా 15 ఓడలకు మొదట అనుకున్నది 26 బిలియన్ కెనడియన్ డాలర్లు. 2022లో వాళ్ల పార్లమెంటరీ బడ్జెట్ అధికారి వేసిన లెక్క 84.5 బిలియన్.

ఆస్ట్రేలియా 2025 ఆగస్టులో జపాన్ మొగామి మెరుగుపరిచిన రకాన్ని ఎంచుకుంది, 11 ఓడలు, మొదటి మూడూ జపాన్‌లోనే కడతారు. ఈసారి మార్పులు దాదాపు వద్దే వద్దు అంటున్నారు. ఆ మాట మీద ఎన్నాళ్లుంటారో చూడాలి. నాకైతే మూడో ఓడ దాటి పని ఆస్ట్రేలియాకి వచ్చినప్పుడు మొదలవుతుంది అసలు సంగతి.

పాత_ఫైలు:

ఇక్కడ అందరూ జపాన్‌ని ఎత్తేస్తున్నారు కాబట్టి కాస్త చన్నీళ్లు చల్లుతాను.

మొగామి ఫ్రిగేట్లు ఏడాదికి రెండు చొప్పున వచ్చాయి, నిజమే. కానీ తొలి ఓడలు చేరినప్పుడు వాటిలో నిలువు మిసైల్ సెల్స్ లేవు, చోటు వదిలి తర్వాత పెట్టుకుందామన్నారు. అంటే ఓడ టైముకి వచ్చింది, దాని ఆయుధాలు రాలేదు. అమెరికా అలా ఇస్తే ఆడిట్ రిపోర్ట్ హెడ్‌లైన్ అయ్యేది. ఇంకో సంగతి, తరగతికి పేరిచ్చిన మొగామి కంటే రెండో ఓడ కుమానో ముందు చేరింది, మొదటి దాని గ్యాస్ టర్బైన్ ట్రయల్స్‌లో పాడైంది కాబట్టి. అవన్నీ పెద్ద గొడవ కాకుండా గడిచిపోయాయి. ఇద్దరే యార్డుల వాళ్లు దశాబ్దాల తరబడి ఒకే కొనుగోలుదారుతో ఉంటే ఇంకేం జరుగుతుందో కూడా 2024లో బయటపడింది: కవాసాకి దొంగ లావాదేవీలతో డబ్బు పక్కనపెట్టి సబ్‌మెరైన్ సిబ్బందికి వస్తువులు, విందులు ఇచ్చింది. పోటీ లేని ప్రశాంతత ఊరికే రాదు.

కొరియా కూడా అంతే. ఇంచియాన్, తేగు, చుంగ్నం అని ఫ్రిగేట్లను విడతలుగా కట్టడం వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గ పని, ఒక్కో విడతకి కొంచెం పెద్దవి, కొంచెం మెరుగైనవి. కానీ 2014లో సెవోల్ అనే ప్రయాణికుల ఓడ మునిగినప్పుడు తోంగ్యోంగ్ అనే రెస్క్యూ షిప్ ఎందుకు వెళ్లలేదని తవ్వితే, కొత్త ఓడలో పెట్టిన సోనార్ చేపలు వెతికే యంత్రం స్థాయిదని తేలింది. కొత్త కేడీడీఎక్స్ డిస్ట్రాయర్ల మీద రెండు పెద్ద యార్డులు కొట్టుకుని ప్రాజెక్టు ఏళ్ల తరబడి ఇరుక్కుంది, ఒక యార్డు ఉద్యోగులు రెండో యార్డు డిజైన్ రహస్యాలు కాజేసిన కేసులో దోషులుగా తేలారు కూడా.

నేననేది ఇంతే. అమెరికా చెడ్డగా కనబడటానికి సగం కారణం వాళ్లు బట్టలు బజార్లో ఉతుకుతారు. జీఏఓ (కాంగ్రెస్ తరఫున ఆడిట్ చేసే సంస్థ) ఏటా రిపోర్ట్ రాస్తుంది, నన్-మెకర్డీ చట్టం ప్రకారం యూనిట్ ఖర్చు 25 శాతం దాటితే ప్రాజెక్టు ఎందుకు కొనసాగాలో రక్షణ మంత్రి కాంగ్రెస్‌కి రాసివ్వాలి, లేకపోతే ఆపేయాలి. ఇంత బహిరంగంగా లెక్క చెప్పే దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లెక్కే చెప్పనివాడు బాగా నడుపుతున్నట్టు కనబడటంలో వింతేముంది?

కెరటం:

చైనా పేరు ఎవరూ ఎత్తలేదేంటండీ, అందరికంటే ఎక్కువ కడుతున్నది వాళ్లే కదా

చుక్కాని:

కెరటం గారూ, ఖర్చుల గురించి పాత_ఫైలు గారు చెప్పిందే, బయటికి లెక్కలు రావు, కాబట్టి చౌకో ఖరీదో వాదించలేం. పద్ధతి మాత్రం కనబడుతుంది. 052సీ డిస్ట్రాయర్లు 2004, 2005లో రెండే కట్టి కొన్నేళ్లు ఆగారు. వాడి చూశారు. తర్వాత ఇంకో నాలుగు, అవి అయ్యాక 2014 నుంచి 052డీ వరసపెట్టి, 25 దాటేశాయి. పెద్దవైన 055 కూడా తెలిసిన సామగ్రితోనే మొదలైంది. ముందు రెండు కట్టి, నచ్చితేనే గుంపుగా కట్టడం.

అమెరికా లిటొరల్ కంబాట్ షిప్పులతో కూడా ముందు ఒక్కో రకం కట్టి చూసి ఒకటి ఎంచుకోవాలనే కదా ప్లాన్. తీరా ఎంచుకోవాల్సిన రోజున రెండు రకాలూ కొనేశారు. రెండు యార్డులు, రెండు రాష్ట్రాలు, ఇద్దరికీ పని. రెండు రకాల విడిభాగాలు, రెండు రకాల ట్రైనింగ్ ఆ తర్వాత నేవీ నెత్తిన పడ్డాయి. సూ సిటీ అనే ఓడ 2018లో చేరి 2023లో రిటైరైంది. ఐదేళ్లు కూడా నిండలేదు.

పాత_ఫైలు గారూ, మొగామి విషయంలో మీరన్నది సరే. కానీ ఆయుధం తర్వాత పెట్టుకుందామని ముందే ప్లాన్‌లో రాసుకోవడం, ఆయుధం రాక ఖాళీగా చేర్చుకోవడం రెండూ ఒకటి కాదు.

తెడ్డు:

ఆ రెండోది మన నేవీకి బాగా తెలుసు 🙂

ఐఎన్ఎస్ కమోర్తా 2014లో చేరింది, విమాన నిరోధక మిసైళ్లు లేవు, వెనక లాక్కెళ్లే సోనార్ లేదు. కల్వరి సబ్‌మెరైన్లకు టార్పెడోలు ఎంచుకున్నాక, ఆ కంపెనీ మాతృసంస్థ హెలికాప్టర్ల కేసులో ఇరుక్కుని కొనుగోలు రద్దయింది, ఫ్రెంచ్ డిజైన్ కొత్త సబ్‌మెరైన్లు పాత జర్మన్ టార్పెడోలతో సర్దుకున్నాయి.

మన దగ్గర ఓడ కట్టడం కంటే కొనాలా వద్దా అని తేల్చడమే ఎక్కువ కాలం తింటుంది. ముందు అవసరముందని రక్షణ కొనుగోళ్ల మండలి ఒప్పుకోవాలి, తర్వాత టెండర్ పత్రం, సాంకేతిక పరిశీలన, ట్రయల్స్, ధర బేరం, ఆఖరికి కేంద్ర క్యాబినెట్ కమిటీ. ఏ మెట్టు దగ్గరైనా ఫిర్యాదు ఒకటి వస్తే మళ్లీ మొదటి మెట్టు. మైన్‌స్వీపర్ల కథ చూడండి. కొరియా కంగ్నం కంపెనీ ఎంపికైంది, ఏజెంట్లను పెట్టుకున్నారనే ఆరోపణతో 2014లో రద్దు. తర్వాత గోవా షిప్‌యార్డ్‌లో అదే కంగ్నం సాంకేతికతతో 12 కడదామని కూర్చున్నారు, 2018లో అదీ ఎత్తేశారు. 2019లో ఉన్న ఆఖరి మైన్‌స్వీపర్ రిటైరైంది. కొత్తవాటికి 2025 జులైలో మళ్లీ 'అవసరం ఉంది' అని ఒప్పుకున్నారు. ఇన్ని రేవులున్న దేశంలో మైన్లు ఏరే ఓడ ఒక్కటీ లేకుండా ఆరేళ్లు. తప్పు చేశాడని ఎవరినీ వేలెత్తి చూపలేరు, ప్రతి అధికారీ రూల్ ప్రకారమే సంతకం పెట్టాడు లేదా పెట్టకుండా ఆపాడు. సంతకం పెట్టినవాడికి విచారణ ఉంటుంది, పెట్టనివాడికి ఏమీ ఉండదు.

ఒక విషయంలో మాత్రం చాలా దేశాల కంటే మనం నయం. నేవీకి సొంత డిజైన్ బ్యూరో ఉంది, అరవైల నుంచి ఉంది. ఢిల్లీ తరగతి హల్ నుంచి కోల్‌కతా, దాని నుంచి విశాఖపట్నం తరగతి, అంటే చుక్కాని గారు చెప్పిన బర్క్ పద్ధతే. బ్రిటన్ ఆస్ట్యూట్ అప్పుడు వదులుకున్నది మనం వదల్లేదు. అయినా కోల్‌కతా తరగతి మూడు ఓడల ఖర్చు 3,580 కోట్ల నుంచి 11,662 కోట్లకు పెరిగిందని కాగ్ రాసింది. ఆయుధాలేవి పెట్టాలో తేలకుండానే కట్టడం మొదలుపెట్టారు, కాంట్రాక్ట్ పోటీ లేకుండా ఒకే యార్డుకి ఇచ్చారు. సొంత డిజైనర్లుంటే చాలదు, వాళ్ల చేతికి తేలిన అవసరాల జాబితా కూడా ఇవ్వాలి.

లంగరు:

డబ్బు వచ్చే తీరు గురించి అడిగారు, దాని మీద ఎవరూ రాయలేదు.

బ్రిటన్ క్వీన్ ఎలిజబెత్ క్యారియర్లు రెండింటికీ 2007లో అనుకున్నది 3.9 బిలియన్ పౌండ్లు. 2008 చివర్లో ప్రభుత్వం దగ్గర చేతిలో డబ్బు లేదు, అందుకని పనిని ఒకటి రెండేళ్లు వెనక్కి జరిపారు. ఆ తొలి ఏళ్లలో కొంత మిగిలింది. మొత్తం మీద ఖర్చు 1.56 బిలియన్ పెరిగిందని వాళ్ల జాతీయ ఆడిట్ ఆఫీసే చెప్పింది. యార్డులో మనుషులు ఉంటారు, జీతాలు నడుస్తాయి, అద్దెలు నడుస్తాయి, ఓడ మాత్రం నెమ్మదిగా పెరుగుతుంది. ఆపైన 2010లో క్యాటపుల్ట్ విమానాలు (డెక్ మీది యంత్రం విసిరితే ఎగిరేవి) పెడతామని డిజైన్ మార్చి, 2012లో కాదులే అని మళ్లీ పాతదానికి వచ్చారు. యార్డు చేసిన తప్పు కాదు ఇందులో ఏదీ. ఖర్చు 6 బిలియన్ దాటింది.

ఫ్రాన్స్‌లో కొనేది నేవీ కాదు, డీజీఏ అనే సంస్థ, 1961 నుంచి ఉంది, సొంత ఇంజినీర్లు, సొంత పరీక్షా కేంద్రాలు. డబ్బుకి కొన్నేళ్లకు కలిపి చట్టం చేస్తారు, 2023లో చేసిన దాంట్లో 2024 నుంచి 2030 దాకా 413 బిలియన్ యూరోలు. వినడానికి స్థిరంగా ఉంది కదా, కానీ ఫ్రెమ్‌లు 17 అనుకుని 8 కట్టుకున్నారు. డబ్బు చాలనప్పుడు వాళ్లు ఓడల సంఖ్య తగ్గించి, కట్టే వేగం తగ్గించి యార్డుని బతికిస్తారు. ఈజిప్ట్‌కి ఓడ కావాలంటే తమ నేవీ కోసం కట్టిన నార్మండీనే 2015లో అమ్మేశారు. ఇది సమర్థత అంటారా, పరిశ్రమను కాపాడుకోవడం అంటారా, మీ ఇష్టం. నేనైతే రెండోదే అంటాను, కాకపోతే యార్డు మూతపడనివ్వకపోవడం వల్ల ఆస్ట్యూట్ లాంటి గండం వాళ్లకు రాలేదు.

నీలిగీత:

చాలా థాంక్స్ అందరికీ. ఇంకొకటి. ఫిక్స్‌డ్ ప్రైస్ పెట్టేస్తే పోదా? ఇంత ధరకే ఇస్తావు, లేకపోతే నష్టం నీదే అని యార్డుకి ముందే చెప్పేస్తే?

రివెట్:

బ్రిటన్ టైప్ 31కి అదే చేసింది. ఐదు ఫ్రిగేట్లు, ఒక్కోటి సగటున 250 మిలియన్ పౌండ్లు, డెన్మార్క్ వాళ్ల ఇవర్ హ్యూట్‌ఫెల్ట్ డిజైన్ ఆధారంగా 2019లో బాబ్‌కాక్‌కి ఇచ్చారు. బాబ్‌కాక్ 2023లో 100 మిలియన్, మరుసటి ఏడాది మరో 90 మిలియన్ నష్టం రాసుకుంది. ప్రభుత్వం వైపు నుంచి చూస్తే బ్రహ్మాండం. కానీ మొదటి ఓడ చేతికివ్వకముందే ఇంత పోగొట్టుకున్న యార్డు తర్వాతి టెండర్‌లో ఆ నష్టం కలిపే ధర చెబుతుంది, లేదా అసలు రాదు. ఆర్డర్లు వరసగా ఇచ్చే కొనుగోలుదారు ఉంటే ఆ నష్టాన్ని తర్వాతి ఓడల మీద సర్దుకుంటుంది, అదీ లేకపోతే ఎందుకు మునగాలి? ఇంకో షరతు, ధర కట్టేశాక నేవీ నోరు కట్టేసుకోవాలి. ఒక్క మార్పు అడిగినా బేరం మళ్లీ మొదలు.

మధ్యలో తెంపుకోవడం కూడా చౌక కాదు. ఆస్ట్రేలియా ఫ్రెంచ్ సబ్‌మెరైన్ల ఒప్పందాన్ని 2021లో ఆపేసినందుకు నేవల్ గ్రూప్‌కి 555 మిలియన్ యూరోల పరిహారం ఇచ్చింది. అప్పటిదాకా ఖర్చైనదంతా కలిపితే 3.4 బిలియన్ ఆస్ట్రేలియన్ డాలర్లు, చేతికొచ్చిన సబ్‌మెరైన్లు సున్నా.

పాత_ఫైలు:

ఆర్డర్లు వరసగా ఉంటే అన్నీ సర్దుకుంటాయని రివెట్ గారూ, చుక్కాని గారూ ఇద్దరూ అంటున్నారు కాబట్టి: అమెరికా వర్జీనియా సబ్‌మెరైన్లకు 2011 నుంచి దాదాపు ఏటా రెండు చొప్పున ఆర్డర్లు వెళ్తూనే ఉన్నాయి. ఈమధ్య ఏళ్లలో యార్డుల నుంచి బయటికొస్తున్నవి ఏడాదికి 1.2 దగ్గర. ఆర్డర్ ఆగలేదు, డబ్బు ఆగలేదు, మనుషులు దొరకడం లేదు, సప్లయర్లు తగ్గిపోయారు. కాగితం మీద వరస వేరు, యార్డులో వరస వేరు.

లంగరు:

దానికి ఒప్పుకుంటాను.

నీలిగీత గారూ, ఇకపై ఏ దేశం ప్రాజెక్టు వార్త చూసినా నేను రెండు విషయాలు వెతుకుతాను, మీకూ పనికొస్తాయేమో. స్టీల్ కటింగ్ రోజుకి డిజైన్ ఎంత పూర్తయింది, ఆ శాతాన్ని ఎలా కొలిచారు? కాన్‌స్టెలేషన్‌లో నేవీ చూపించిన శాతం బాగానే ఉంది, కానీ అది సమర్పించిన పత్రాలను లెక్కపెట్టి వేసిందే తప్ప వాటిలో విషయం ఎంత పనికొస్తుందో చూసి వేసింది కాదని జీఏఓ 2024లో పట్టుకుంది. రెండోది, పని సరిగ్గా లేని ఓడ వస్తే నేవీ వెనక్కి పంపగలదా? జర్మనీ 2017 చివర్లో తన కొత్త బాడెన్-వూర్టెంబర్గ్ ఫ్రిగేట్‌ని తీసుకోనని యార్డుకే తిప్పి పంపింది, ఓడ ఒక పక్కకి ఒరుగుతోంది, బరువు ఎక్కువైంది, సాఫ్ట్‌వేర్ గొడవలు వేరే. 2019లో గానీ చేర్చుకోలేదు. అప్పుడు అందరూ జర్మనీని ఎగతాళి చేశారు. జెండా ఎగరేసే తేదీ ముందే ప్రకటించేశాం కదా అని చేర్చేసుకునే నేవీలతో పోలిస్తే వాళ్లు చేసిందే సరైన పని అని నా అభిప్రాయం.

తెడ్డు:

తేదీ ప్రకటించి, ముఖ్య అతిథిని పిలిచేశాక వెనక్కి పంపే ధైర్యం మాత్రం ఎవరికుంటుందండీ!